వాద్యం లేని పాట: యాన్ బ్రిగ్స్ దారా, సన్ హౌస్ దారా?

వాద్యాల తోడు లేకుండా పాడదలచినవారు ఇంగ్లండ్ జానపద గాయని యాన్ బ్రిగ్స్ పద్ధతిని ఎంచుకోవాలా, అమెరికాలోని మిసిసిపీకి చెందిన బ్లూస్ (అక్కడి నల్లజాతివారి జానపద సంగీతం) గాయకుడు సన్ హౌస్ పద్ధతిని ఎంచుకోవాలా అని తటపటాయిస్తుంటారు. ఖర్చు విషయంలో తేడా లేదు, రెండింటికీ గొంతే పెట్టుబడి.

శ్రమ: బ్రిగ్స్ గానంలో నడక కథను అనుసరిస్తుంది కనుక చరణాలన్నీ కంఠస్థం కావాలి, చిన్న గమకం కూడా తేటగా పలకాలి. హౌస్ 1965లో రికార్డు చేసిన ‘గ్రిన్నిన్ ఇన్ యువర్ ఫేస్’లో మాటలు కొద్ది, చప్పట్లు అక్కడక్కడా లయ తప్పినట్టు వినిపించినా పాట బిగి సడలదు.

రిస్కు: మొదటిదానిలో శ్రుతి జారితే దాచుకునే చోటుండదు. రెండవదానిలో అనుకరణే ప్రమాదం; అరువు తెచ్చుకున్న బొంగురుతనం ఇట్టే పట్టుబడుతుంది.

ప్రభావం: బ్రిగ్స్ నేర్పిన ‘బ్లాక్‌వాటర్‌సైడ్’ అనే జానపద గీతాన్ని గిటార్ కళాకారుడు బెర్ట్ యాన్ష్ 1966 ఆల్బమ్‌లో గిటార్‌తో పాడగా, 1969 నాటి రాక్ బృందం లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్‌లోని ఒక గిటార్ రచనలో ఆ గిటార్ వాయింపు పోలిక స్పష్టంగా వినిపిస్తుంది. హౌస్ పాట తనకు అన్నిటికన్నా ఇష్టమని అమెరికన్ రాక్ గాయకుడు జాక్ వైట్ చెప్పాడు. బాణీ చేతులు మారిన తీరు చూస్తే నా మొగ్గు బ్రిగ్స్ వైపే.

నిలకడైన శ్రుతి, కథాగేయాలపై మక్కువ ఉన్నవారికి బ్రిగ్స్ దారి నప్పుతుంది. గొంతు గరుకుగా ఉండి, ఎదుటివారితో మాట్లాడినట్టు పాడగలిగినవారికి హౌస్ దారి మేలు.