మా సామిల్లు స్టీమ్ ఇంజను: పద్నాలుగేళ్ళ వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, దుంగలు కోసుకోవడం ఒక్కటే మీ పనయితే స్టీమ్ ఇంజను జోలికి పోకండి. కరెంటు బ్యాండ్‌సా (పట్టీలా తిరిగే రంపం) అయితే స్విచ్చి నొక్కిన నిమిషానికి పని మొదలవుతుంది. మా ఇంజనుకు తెల్లవారి ఐదింటికి పొయ్యి రాజేస్తే ఏడున్నరకు గానీ పనికొచ్చే ఒత్తిడి రాదు. అయినా 2011 సంక్రాంతి నుంచి నడుపుతూనే ఉన్నాం, ఏడాదికి ఇరవై పాతిక రోజులు, 2018లో మాత్రం వరసగా నెలన్నర. అది తిత్లీ తుఫాను సంవత్సరం. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో మందస వైపు, ఉద్దానం. ఎక్కడో రైసుమిల్లు మూసేస్తుంటే మా తాత ఈ ఇంజను కొని ఎడ్లతో లాగించి తెచ్చారట. ఇనుప చక్రాల మీద ఉండే రకం. అడ్డంగా పడుకోబెట్టిన పీపాలా బాయిలరు, దాని నెత్తిన ఒకటే సిలిండరు, పక్కన ఐదడుగుల ఫ్లైవీల్. పేరు ప్లేటు సగం అరిగిపోయింది, ఇంగ్లండులోని లింకన్ ఊరి పేరు మాత్రం చదవొచ్చు. ఆ ఊళ్ళో ఇలాంటి ఇంజన్లు చేసే కంపెనీలు ఒకటి కాదు, అందుకని చేసిందెవరో ఊహించి రాయను. కరెంటు వచ్చాక నాన్న మోటారు పెట్టేశారు. ఇంజను షెడ్డు వెనక చింతచెట్టు కింద ముప్ఫై ఏళ్ళ పైన పడి ఉంది. పాత ఇనుము కొనేవాళ్ళు రెండుసార్లు వచ్చి కిలోల లెక్కన బేరమాడి వెళ్ళారు.

2009లో మొదలుపెడితే లేపి నిలబెట్టడానికి రెండేళ్ళు పట్టింది. సిలిండరు, క్రాంకు, చక్రాలు పెద్దగా పాడవలేదు, ఎండాకాలం ఆముదం పోసి వదిలేసి మెల్లగా తిప్పితే కదిలాయి. బాధంతా బాయిలరుతోనే. పొయ్యి అడుగున బూడిద అలాగే ఉండిపోయి, వానకి తడిసి, రేకును తినేసింది. బూడిదకు తడి తగిలితే ఇనుముకు ఉప్పుగాలి కంటే ప్రమాదం, మా తీరం పక్కన రెండూ ఉన్నాయి. పొగ వెళ్ళే గొట్టాలన్నీ మార్చాం. మొదటిసారి విశాఖలో ఒక దుకాణంలో సీమ్‌లెస్ అని చెప్పి అతుకున్న గొట్టాలు అంటగట్టారు, నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టే పరీక్షకే నాలుగు కారాయి. డబ్బు తిరిగి రాలేదు. అందుకే గొట్టాలు కొనేటప్పుడు బిల్లు కాదు, గొట్టాలు తయారుచేసిన మిల్లు ఇచ్చే సర్టిఫికెట్ అడగండి.

ఇక కాగితాలు. ఇది బొమ్మ కాదు, చట్టం ప్రకారం బాయిలరే. 1923 నాటి బాయిలర్ల చట్టం కిందే ఇన్నాళ్ళూ నడిపాం, 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. పాత రిజిస్ట్రేషన్ పుస్తకం చెదలు తినేసింది కానీ, నంబరు బాయిలరు మీదే చెక్కి ఉండటంతో బతికిపోయాం. ఇన్‌స్పెక్టరు వచ్చి రేకు మందం కొలిచి, ప్లేటు మీద చదరపు అంగుళానికి వంద పౌన్ల ఒత్తిడి అని ఉన్నా డెబ్బై పౌన్లకే ఒప్పుకున్నారు. అప్పుడు మొహం మాడ్చుకున్నాను. ఇప్పుడైతే ఆయనకు దండం పెడతాను. డెబ్బై పౌన్ల దగ్గర లోపల నీళ్ళ వేడి 158 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. బాయిలరు చిట్లితే ఆ నీళ్ళలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది, అలా ఆవిరైన ఒక్కో గిన్నెడు నీళ్ళు పదహారు వందల గిన్నెల ఆవిరి అవుతాయి. పేలుడంటే అదే, లోపలున్న ఆవిరి ఒక్కటే కాదు.

ఈ మాట నాకు నేర్పింది మా బాయిలరు మామ. రైసుమిల్లులో బాయిలరు చూసి రిటైరైన మనిషి, వరసకు మామ కాదు గానీ ఊరంతా అలాగే పిలుస్తారు. మొదటి రోజే నన్ను బాయిలరులో నీళ్ళ మట్టం చూపే గేజి గ్లాసు ముందు కూర్చోబెట్టి, "నిప్పు తర్వాత సూద్దువు గానీ బావూ, ముందు నీళ్ళు సూడు. నీళ్ళు సూడనోడు నిప్పు ముట్టకూడదు" అన్నాడు. పొయ్యి కప్పు ఎప్పుడూ నీళ్ళ కింద మునిగి ఉండాలి. తేలిందంటే ఆ ఇనుము ఎర్రగా కాలి మెత్తబడుతుంది. అలా కాకముందే కరిగి ఆవిరిని పొయ్యిలోకి వదిలి మంట చల్లార్చడానికి కప్పులో సీసం ప్లగ్గు ఉంటుంది. మాది ఇన్నేళ్ళలో ఒక్కసారీ కరగలేదు, అయినా ఏటా మారుస్తాం. మా తమ్ముడు సెకండ్ క్లాస్ అటెండెంటు పరీక్ష పాసయ్యాడు కాబట్టి ఇప్పుడు చట్టప్రకారం బాధ్యుడు వాడు. మామ కుర్చీ వేసుకుని తిట్టడానికి వస్తాడు.

నీళ్ళు పంపడంలో మాకు తగిలిన పెద్ద దెబ్బ ఎండ వల్ల. బాయిలరులోకి నీళ్ళు తోయడానికి రెండు దారులున్నాయి. ఇంజను తిరుగుతుంటే పనిచేసే పంపు ఒకటి, ఆవిరితోనే నీళ్ళు లాక్కునే ఇంజెక్టరు ఒకటి. 2012 మే నెలలో మిట్టమధ్యాహ్నం దుంగ ఇరుక్కుని ఇంజను ఆపాం, ఆపితే పంపు కూడా ఆగింది, సరే ఇంజెక్టరు తిప్పితే తిత్తితిత్తిమని నీళ్ళు కింద కక్కుతుందే తప్ప లోపలికి ఒక్క చుక్క పోదు, గ్లాసులో మట్టం అంగుళం దిగింది, పొయ్యిలో మంట నిండుగా ఉంది, నాకు ఒళ్ళంతా చెమటలు. మామ పరుగున వచ్చి మంట మీద తడి మట్టి కొట్టించాడు. తర్వాత చూస్తే ఇంజెక్టరు తప్పేమీ లేదు. నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్ళు ఎండకు చెయ్యి పెట్టలేనంత కాగాయి. ఇంజెక్టరు ఆవిరిని నీళ్ళ చల్లదనంతో కుదించి నడుస్తుంది, నీళ్ళు కాగితే అది మొరాయిస్తుంది. ఇప్పుడు నేలలో సిమెంటు తొట్టి, దాని మీద కొబ్బరాకు పందిరి. ఖర్చు పెద్దగా లేదు, అప్పటి నుంచి ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు.

చెరువు నీళ్ళు పోస్తే నురగ లేచి నీళ్ళే సిలిండరులోకి ఎక్కుతాయి. బోరు నీళ్ళు పోస్తే గొట్టాల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. మేం షెడ్డు కప్పు మీది వాన నీళ్ళు పట్టి వాడుతున్నాం, చాలనప్పుడు బోరువి కలుపుతాం. రోజు నడిపితే ఆరేడు వందల లీటర్ల నీళ్ళు, రెండున్నర మూడు క్వింటాళ్ళ చెక్క తింటుంది. వారానికి ఒకసారి పూర్తిగా చల్లార్చి, చెయ్యి పట్టేంత మూత రంధ్రాలు తెరిచి, అడుగు బురద కడుగుతాం. ఎవరికీ ఇష్టం లేని పని అదే, ఎగ్గొట్టకూడని పనీ అదే.

రంపం సంగతి. 36 అంగుళాల గుండ్రటి రంపం. ఫ్లైవీల్ 60 అంగుళాలు, రంపం పుల్లీ 10, అంటే ఇంజను నిమిషానికి 140 తిరిగితే రంపం 840 తిరుగుతుంది. మధ్యలో పాతిక అడుగుల దూరం. నిప్పురవ్వలు పొట్టు దాకా రాకూడదు, బెల్టు తన బరువుతోనే పుల్లీని పట్టుకోవాలి, అందుకు అంత దూరం కావాలి. చిమ్నీ నోటికి జాలీ తప్పనిసరి. బెల్టు జారుతుంటే పాతవాళ్ళు గుగ్గిలం పొడి చల్లేవారు, నేనూ చల్లాను. ఆ పూటకు పట్టుకుంటుంది, రెండోరోజుకు గాజులా నున్నగా మెరిసి ఇంకా జారుతుంది. బెల్టు పొట్టి చేసి కుట్టించడమే మందు. సిలిండరులోంచి కడ్డీ బయటికొచ్చే గ్లాండు దగ్గర ఆవిరి కారితే, ప్యాకింగు తాడు అయిపోయిన రోజున గోగునారను కొవ్వులో ముంచి పేని దట్టించాం. నాలుగు రోజులు ఆగింది, అంతకు మించి ఆశించకండి.

కోతలో దీని గుణం మోటారుకు లేదు. మోటారుకు బరువు ఎక్కువైతే మూలిగి ట్రిప్ అవుతుంది. ఇది మాత్రం దుంగలో గట్టి ముడి తగలగానే కాస్త నెమ్మదిస్తుంది, వేగాన్ని బట్టి ఆవిరిని సర్దే గవర్నరు గుండ్లు దిగి ఎక్కువ ఆవిరి వదులుతాయి, చిమ్నీ దగ్గర శబ్దం బరువెక్కుతుంది, ముడి దాటేస్తుంది. శబ్దం వింటే చాలు, దుంగను ఎంత తోయాలో చేతికి తెలిసిపోతుంది. చెడ్డ గుణమూ చెప్పాలి. ఈ రంపం ఒక్కో కోతకు పావు అంగుళం చెక్కను పొట్టు చేసేస్తుంది. అంగుళం పలకలు తీస్తే నాలుగు పలకలకు ఒక పలక పొట్టులోకే పోయినట్టు. టేకు లాంటి ఖరీదైన కలప దీని మీద పెట్టడం పాపం. ఆ పొట్టు పొయ్యికి కూడా పనికిరాదు, కమ్మీల్లోంచి రాలి గాలి ఆపేస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఈదురుగాలి గంటకు 165 కిలోమీటర్ల దాకా వీచింది. పొద్దున బయటికి వస్తే మా తోటలో చూపు సముద్రం దాకా పోయింది, అంతకుముందు ఎప్పుడూ పోలేదు. కొబ్బరి, జీడి, పనస అన్నీ నేల మీదే. కరెంటు స్తంభాలూ నేల మీదే. మా వీధికి కరెంటు వచ్చేసరికి పదిహేను రోజులు దాటింది. బ్యాండ్‌సా మూగబోయి కూర్చుంది, జనరేటరు పెడదామంటే డీజిలు కోసం బారులు.

మూడోరోజు మామ కర్ర పొడుచుకుంటూ వచ్చి, "ఏటి సూస్తన్నారు, నీళ్ళున్నాయి, కర్రలున్నాయి, నిప్పెట్టండి" అన్నాడు. అప్పటిదాకా నేను దీన్ని ముద్దు కోసం పెంచుకునే ఏనుగు అనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి నెలన్నర, కడుగుడు రోజులూ, గొట్టాలు గీకిన మూడు రోజులూ తప్ప, ఆపలేదు. కూలిన కొబ్బరి మొద్దుల్ని తోటలో అలాగే కుళ్ళనిస్తే వాటిలో కొమ్ముపురుగు గుడ్లు పెట్టి మిగిలిన చెట్లను కూడా తినేస్తుంది. రైతులకు ఆ బెంగ ఒకటి, పడిపోయిన పశువుల శాలకు దూలాలు కావాలన్న తొందర ఒకటి. కోత కూలి అడగలేదు, పక్క చెక్కలు మాకు వదిలేయమన్నాం, అవే పొయ్యిలోకి.

కొబ్బరి మొద్దు కోయడం అనుకున్నంత తేలిక కాదు. పైన చుట్టూ ఇనుములా ఉంటుంది, మధ్యలో బెండు. పై వలయం నుంచే దూలం, పలక తీయాలి. రంపం పళ్ళు గంటన్నరకే మొద్దుబారేవి, ఇద్దరు పిల్లలు ఆకురాయి పట్టుకుని అదే పని మీద ఉండేవారు. పనసకు పాలు అంటుకుని రంపం వేడెక్కుతుంది, వేడెక్కిన రంపం ఊగుతుంది, కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ ఉండాలి. అన్నిటికంటే భయం మేకులు. పెరటి పనసచెట్టుకు బట్టల తీగ కోసం ఎప్పుడో ఏ ముత్తాతో కొట్టిన మేకు బెరడు మింగేసి ఉంటుంది. ఒకటి తగిలి రెండు పళ్ళు ఎగిరి షెడ్డు రేకులో దిగాయి. అదృష్టం, అటువైపు ఎవరూ లేరు. ఆ తర్వాత రంపానికి ఎదురుగా నిలబడకుండా తాడు కట్టాం. ఇప్పటికీ పెరటి చెట్టంటే యజమానిని పక్కన నిలబెట్టుకునే కోస్తాను.

ఆ హడావిడిలోనే ఒక తప్పు చేశాం. ఎండు చెక్క అందక పలాస నుంచి జీడిపిక్క తొక్కలు బస్తాలు తెప్పించాం. మంట అద్భుతం, ఒత్తిడి ముల్లు పరుగెత్తింది. రెండోరోజుకు గొట్టాల నిండా తారులా జిగట మసి, బ్రష్షు దిగదు, పొగకు కళ్ళు మండి ముందు ఇంటివాళ్ళు గొడవకొచ్చారు. తొక్కలోని నూనె అంతా గొట్టాల్లో పేరుకుపోయింది. గీకడానికి మూడు రోజులు పట్టింది.

ఇలాంటిది ఎక్కడైనా పాత మిల్లులో చూసి కొందామనుకునేవాళ్ళకు రెండు మాటలు. ముందు బాయిలరు చూడండి, ఇంజను తర్వాత, రంగు అసలు చూడకండి. పొయ్యిలో తల పెట్టి అడుగు మూలలు సుత్తితో కొట్టించండి, గంటలా మోగాలి, డప్పులా కాదు. సామిల్లు లైసెన్సు మీకు ఇదివరకే లేకపోతే కోత ఆశ పెట్టుకోకండి, 1996, 2002 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుల తర్వాత కొత్త సామిల్లు తెరవడం మాటలు కాదు. మాది పాత లైసెన్సు కాబట్టి సాగుతోంది. నడపని నెలల్లో బాయిలరు పూర్తిగా ఆరబెట్టి, లోపల పళ్ళెంలో నీళ్ళు తగలని కాల్చిన సున్నపు గడ్డలు పెట్టి మూసేయండి. తేమను అదే పీల్చుకుంటుంది. నెలలు గడిచాక తెరిస్తే ఆ సున్నపు గడ్డలు పిండిలా పొంగి ఉంటాయి, ఆ తేమంతా లేకపోతే రేకు మీద ఉండేదన్నమాట.

మార్కులు వేయమంటే కోతకు ఐదులో రెండు, ఖర్చుకు ఒకటి, కరెంటు లేని రోజున ఐదుకు ఐదు. ఈ ఏడాది ఆరు గొట్టాలు మార్చాలి, డబ్బు ఇంకా కుదరలేదు. మొన్న దీపావళి ముందు నడిపాం. సాయంత్రం మంట లాగేసి మూసినా మర్నాడు పొద్దుటికి బాయిలరు వెచ్చగానే ఉంటుంది. మా అమ్మ దాని మీద గుడ్డ పరిచి వడియాలు పెడుతుంది. ఇంజను నూనె వాసన వస్తున్నాయని ఎన్నిసార్లు చెప్పినా వినదు.