20 రూపాయల టెఫ్లాన్ టేప్ తో నల్లా లీకేజీ ఆగింది, కానీ చుట్టే పద్ధతి తెలియాలి

మా బాత్రూంలో నల్లా గోడలోకి వెళ్ళే చోట, గుండ్రటి ప్లేట్ వెనకాల నుంచి నెల రోజులుగా నీళ్ళు కారుతున్నాయి. ప్లంబర్ ని అడిగితే రేపొస్తా ఎల్లుండొస్తా అని వారం దాటించాడు, అసలే ఎండాకాలం, ట్యాంకర్ నీళ్ళు కొనుక్కుని అవి ఇలా గోడ వెంట పోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది, ఒకరోజు రాత్రి కింద బకెట్ పెడితే తెల్లారేసరికి సగం దాకా వచ్చేసింది. ఇంక లాభం లేదని మా వీధి హార్డ్‌వేర్ షాపులో టెఫ్లాన్ టేప్ తెచ్చా. 12 ఎంఎం వెడల్పు, 10 మీటర్లు, 20 రూపాయలు.

టేప్ అంటాం గానీ దీనికి జిగురేమీ ఉండదు. నల్లా థ్రెడ్ కి, అంటే గోడలోకి తిప్పి బిగించే కొస మీదుండే మర గీతలకి, చుట్టి బిగిస్తే ఆ సందుల్లో నలిగి కూర్చుని నీళ్ళకి దారి లేకుండా చేస్తుంది అంతే, పాతకాలం ప్లంబర్లు జనపనార చుట్టి పెయింట్ పూసేవాళ్ళు కదా అదే పని.

ముందు మేడ మీద ట్యాంక్ నీళ్ళు ఆపే గేట్ వాల్వ్ కట్టేసి, నల్లా తిప్పి పైపులో మిగిలిన నీళ్ళు వదిలేయండి. నల్లాకి పాత గుడ్డ చుట్టి స్పానర్ పట్టండి, లేకపోతే మెరుగు మొత్తం గీతలు పడిపోతుంది. థ్రెడ్ మీద పాత టేప్ ముక్కలు టూత్ బ్రష్ తో గీకేసి, థ్రెడ్ కొస మన వైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. రెండోవైపు చుడితే బిగించేటప్పుడు మొత్తం ఊడొచ్చేస్తుంది.

నాకు కష్టమైంది ఇక్కడే. మొదటిసారి ఆరు చుట్లు వేసి బిగిస్తే నల్లా మూతి కాస్త పక్కకి పోయింది, సరే అని కొంచెం వెనక్కి తిప్పా, అంతే మళ్ళీ కారడం మొదలు. వెనక్కి తిప్పితే లోపల కూర్చున్న టేప్ వదులైపోతుంది అని షాపాయన చెప్పాకే తెలిసింది. పూర్తిగా ఊడదీసి పాత టేప్ తీసేసి ఈసారి పది చుట్లు వేశా, మూతి నిటారుగా కిందికి వచ్చేసరికి టైట్ అయింది. అలాగని బలం కొద్దీ బిగించొద్దు ప్లీజ్, గోడలో నల్లా బిగించే ఎల్బో (పైపు వంపు ముక్క) పగిలిందంటే టైల్స్ పగలగొట్టాల్సిందే.

ఇది అన్ని లీకులకీ మందు కాదు. నల్లా కట్టేసినా మూతి నుంచి చుక్కలు పడుతుంటే అది లోపల వాషరో, నల్లా తిప్పితే తిరిగే కడ్డీ ఉంటుంది కదా ఆ స్పిండిలో పోయినట్టు, ఎంత టేప్ చుట్టినా దండగ. హెల్త్ ఫాసెట్ (టాయిలెట్ పక్కన చేత్తో పట్టుకునే స్ప్రే) పైపు నట్టు దగ్గర కారితే లోపల రబ్బరు వాషర్ చూడండి, మాది అరిగిపోయి ఉంది, 5 రూపాయలది మార్చగానే ఆగిపోయింది.

మూడు నెలలైంది, ప్లేట్ వెనక ఇప్పటికీ పొడిగానే ఉంది. 5 కి 4 ఇస్తా. ఒకటి ఎందుకు తగ్గించానంటే తర్వాత ఇంకో షాపులో అదే రేటుకి తెచ్చిన రోల్ మరీ పల్చగా ఉండి చుడుతుంటేనే తెగిపోయింది, అందుకే కొనేముందు షాపులోనే కొంచెం లాగి చూసుకోండి.