22,000 పెట్టి కొన్న టెలిస్కోప్‌లో బ్లాక్ హోల్ కనిపిస్తుందా? ఉద్దానం నుంచి ఏడాది వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను, బ్లాక్ హోల్, అదే కృష్ణబిలం, కనిపించదు. మీరు రెండు లక్షలు పెట్టి కొన్నా కనిపించదు, ఎందుకంటే వెలుగు బయటికి రానివ్వనిదాన్ని అద్దంలో పట్టుకోవడం కుదిరే పని కాదు. కానీ ఒక కృష్ణబిలం చుట్టూ తిరుగుతున్న నక్షత్రం మాత్రం దీంట్లో కనిపిస్తుంది, మా కొబ్బరితోటలో నుంచే చూశాం. నేను ఈ రివ్యూ రాయడానికి సగం కారణం అదే.

మాది సోంపేట దగ్గర ఊరు. గ్రామ సచివాలయంలో ఉద్యోగం. నాన్న కొబ్బరి, జీడి తోటల రైతు. టెలిస్కోప్ కొనాలన్న ఆలోచన నాకు చదువులో నుంచి రాలేదు, తిత్లీ తుఫానులో నుంచి వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున గాలి తగ్గాక బయటికొస్తే తోటలో నిలబడి ఉన్న చెట్లు లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. కరెంటు రోజుల తరబడి లేదు. రాత్రయితే ఇంట్లో ఉక్క భరించలేక అందరం డాబా మీద పడుకునేవాళ్ళం. మహాలయ అమావాస్య వెళ్ళి నాలుగైదు రోజులే కావడంతో నెలవంక కూడా తొందరగా అస్తమించేది, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఒక్క బల్బు వెలగడం లేదు, ఇన్నాళ్ళూ ఆకాశాన్ని కప్పేసిన మట్టలు లేవు. అంత పాలపుంతని నేను అంతకుముందు చూడలేదు. దాని మధ్యలో పొడుగ్గా ఒక నల్లటి చీలిక ఉంటే, నాన్న అది మబ్బనుకుని "మళ్ళీ వాన పట్టేలా ఉందమ్మీ" అన్నారు. గంటసేపు చూసినా ఆ మబ్బు కదల్లేదు. అదేమిటో తెలుసుకోవాలన్నది అప్పుడు పట్టుకుంది నన్ను, ఇప్పటికీ వదల్లేదు. కొనడానికి మాత్రం ఏళ్ళు పట్టింది, తోట మళ్ళీ కాపుకి రావాలి కదా.

ఇక వస్తువు సంగతి. అద్దం వెడల్పు 130 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంత్ 650. స్టాండు ఉండదు, బల్ల మీద పెట్టి చేత్తో అటూ ఇటూ తిప్పుకునే డాబ్సోనియన్ రకం. కూడా కన్ను పెట్టి చూసే రెండు లెన్సులు, అదే ఐపీస్‌లు, వస్తాయి, 25, 10 మిల్లీమీటర్లవి. ఒకటి 26 రెట్లు, రెండోది 65 రెట్లు పెద్దది చేస్తుంది. ఆన్‌లైన్‌లో 22,000 అయ్యింది. అమ్మినవాళ్ళ పేరు రాయను, ఎందుకంటే ఈ మోడల్ కొద్దిగా అటూ ఇటూగా చాలామంది అమ్ముతున్నారు, మీకు ఎవరి దగ్గర దొరికినా నేను చెప్పేది వర్తిస్తుంది.

పార్సిల్ వచ్చినప్పుడు లోపల చిన్న అద్దం వదులై ఊగుతోంది. దాన్ని పట్టుకునే మూడు స్క్రూల్లో ఒకటి పెట్టెలోనే లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మేడమ్, ఫొటో పంపండి" అన్నారు, పంపాను, మళ్ళీ పంపమన్నారు, మళ్ళీ పంపాను. మూడు వారాల తర్వాత ఒక చిన్న కవర్లో స్క్రూ వచ్చింది. ఆ మూడు వారాలూ ఆకాశం అద్దంలా ఉంది, నాకు ఏడుపొక్కటే తక్కువ. అందుకే చెబుతున్నాను, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, గొట్టంలోకి టార్చి వేసి అద్దాలు రెండూ కదలకుండా ఉన్నాయో లేదో ఆ రోజే చూసుకోండి.

రెండో ఫిర్యాదు పెట్టె మీది బొమ్మల మీద. గులాబీ రంగు మేఘాలు, నీలం నక్షత్రాలు, మధ్యలో నారింజ రంగు ఉంగరం ఉన్న బ్లాక్ హోల్! ఆ ఉంగరం బొమ్మ ఎం87 అనే గెలాక్సీ మధ్యలో ఉన్నదానిది. 2019 ఏప్రిల్ 10న విడుదల చేశారు. భూమి మీద వేర్వేరు చోట్ల ఉన్న రేడియో టెలిస్కోపులన్నిటినీ కలిపి, భూమంత పెద్ద టెలిస్కోప్‌లా వాడి తయారుచేసిన బొమ్మ అది. దాన్ని 130 మిల్లీమీటర్ల గొట్టం ఉన్న పెట్టె మీద వేయడం మోసం, ఇంకో మాట లేదు. మా అబ్బాయి పెట్టె చూసి మొదటి రోజే "అమ్మా, ఇది చూపించు" అని ఆ ఉంగరం మీద వేలు పెట్టాడు. పైగా "525 రెట్లు" అని రాశారు. 130 మిల్లీమీటర్ల అద్దానికి 260 రెట్లు దాటితే అంతా మసక తప్ప ఏమీ ఉండదు, మా గాలిలో 150 దాటించినా గగనమే.

రంగులు కూడా ఆశించకండి. నెబ్యులాలు, అంటే అంతరిక్షంలో ఉండే వాయువు, ధూళి మేఘాలు, అన్నీ బూడిద రంగులోనే కనిపిస్తాయి. తక్కువ వెలుగులో మన కన్ను రంగు పట్టుకోలేదు, కెమెరా నిమిషాల తరబడి వెలుగు పోగుచేస్తుంది కాబట్టి దానికి రంగులొస్తాయి. అది టెలిస్కోప్ తప్పు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయినేడాది అక్టోబరు చివర్లో ఒక అమావాస్య రాత్రి నేను, నాన్న, మా అబ్బాయి, మా అక్క కూతురు కలిసి తోటలో సిమెంటు అరుగు మీద దీన్ని పెట్టి తెల్లారేదాకా చూశాం. ఏం చూడాలో వరస రాసుకున్నాను. రాసుకుంటుంటేనే తెలిసింది, ఆ కాలంలో సాయంత్రం కనిపించేవి ఎక్కువగా చచ్చిపోయిన నక్షత్రాలు, రాత్రి గడిచేకొద్దీ వచ్చేవి కుర్రవి, పసివి.

చీకటి పడగానే పడమటి వైపు అభిజిత్ నక్షత్రం, దాని పక్కనే రింగ్ నెబ్యులా. 10 మిల్లీమీటర్ల ఐపీస్‌లో చిన్న పొగ ఉంగరం, బీడీ తాగేవాళ్ళు నోటితో వదిలే రింగులాగే ఉంటుంది. రెండు వేల కాంతి సంవత్సరాలకి పైనే దూరం. మన సూర్యుడిలాంటి నక్షత్రం ఇంధనం అయిపోయి పైపొరలు వదిలేస్తే అలా అవుతుంది. మధ్యలో మిగిలేది భూమంత సైజులో ఉండే తెల్ల మరుగుజ్జు నక్షత్రం, అది మా అద్దానికి అందదు. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్ళు, ఇంకో 500 కోట్ల ఏళ్ళకి ఆయనదీ ఇదే దారి. నాన్న "అరసవల్లి స్వామికి కూడానా?" అన్నారు. ఆయన అడిగింది మనసులో నుంచే. నా దగ్గర జవాబు లేదు, అవునన్నట్టు తల ఊపాను.

తర్వాత నడినెత్తికి దగ్గర్లో హంస రాశి. తిత్లీ అప్పుడు చూసిన చీలిక మొదలయ్యేది ఇక్కడే. అది మబ్బు కాదు, నక్షత్రాల మధ్య ఉండే ధూళి, వెనకున్న నక్షత్రాల వెలుగుని అడ్డేస్తోంది. నక్షత్రాల మధ్య చోటంతా ఖాళీ అనుకుంటాం, ఖాళీ కాదు, అలాగని నిండుగానూ ఉండదు: సగటున ఘన సెంటీమీటరుకి ఒక్క పరమాణువు. ఎక్కువభాగం హైడ్రోజనే, బరువులో నూటికి ఒక వంతు ధూళి. అంత పలచనిది కూడా కొన్నిచోట్ల చిక్కటి మేఘాలుగా పేరుకుంటే వెనక ఏమీ కనిపించదు. దీనికి టెలిస్కోప్ అక్కర్లేదు, కరెంటు పోతే చాలు.

ఆ హంస మెడలో ఈటా అని ఒక మామూలు చుక్క ఉంటుంది. దాన్ని 25 మిల్లీమీటర్ల ఐపీస్‌లో మధ్యకి తెచ్చి, దానికి అర డిగ్రీ దూరంలో, అంటే చందమామ వెడల్పంత దూరంలో, ఫోన్లో ఉన్న మ్యాపుతో పోల్చుకుంటూ వెతికాం. నలభై నిమిషాలు పట్టింది. హెచ్‌డీఈ 226868 అనే నక్షత్రం. చూడటానికి ఏ ప్రత్యేకతా లేదు, పక్కనున్న చుక్కల్లాగే ఒక చుక్క. అది 7,200 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నీలి మహానక్షత్రం, అయిదున్నర రోజులకి కొంచెం ఎక్కువలో ఒక చుట్టు తిరుగుతుంది. దేని చుట్టూ? సిగ్నస్ ఎక్స్-1 చుట్టూ. 21 సూర్యుళ్ళ బరువున్న కృష్ణబిలం. ఆ నక్షత్రం నుంచి వీచే వాయువు దాని వైపు లాక్కోబడి, సుడి తిరుగుతూ, లక్షల డిగ్రీలకి వేడెక్కి ఎక్స్‌రేలు వదులుతుంది. గాలి ఎక్స్‌రేలని కిందికి రానివ్వదు కాబట్టి 1964లో రాకెట్టు పైకి వెళ్ళేదాకా అక్కడ అలాంటిది ఒకటుందని ఎవరికీ తెలియదు. ఎక్స్‌రేలు చూసే మన ఉపగ్రహాలు ఆస్ట్రోశాట్ 2015లో, ఎక్స్‌పోశాట్ 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచే వెళ్ళాయి.

మా అబ్బాయికి బరువు అర్థం కాలేదు, వెడల్పు అడిగాడు. తిరగకుండా ఉండే కృష్ణబిలమైతే 21 సూర్యుళ్ళ బరువుకి వెడల్పు దాదాపు 125 కిలోమీటర్లు. కాకి ఎగిరే దారిలో శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం అంతే. ఇది చాలా వేగంగా తిరుగుతోంది కాబట్టి ఇంకా చిన్నదే. అంటే మన జిల్లా పొడుగులోపే 21 సూర్యుళ్ళు. వాడు మళ్ళీ ఐపీస్‌కి కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు. నాన్న కూడా చూశారు. "గానుగెద్దు కనిపిస్తంది, గానుగ కనిపించదు, అంతేనా?" అన్నారు. ఏడాదిగా నేను చదివిన వాటిలో ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు.

ఏ నక్షత్రం తెల్ల మరుగుజ్జు అవుతుంది, ఏది ఇంకా కుంగిపోతుంది అని అక్క కూతురు అడిగింది, ఇంటర్ చదువుతోంది. ఆ గీత గీసింది మన శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో పంతొమ్మిదేళ్ళ వయసులో ఇంగ్లండుకి ఓడలో వెళ్తూ లెక్క మొదలుపెట్టారు. పైపొరలు పోగా మిగిలిన నడిభాగం బరువు సూర్యుడికి 1.4 రెట్లు దాటితే మరుగుజ్జుగా నిలబడలేదు. నోబెల్ ఇచ్చింది 1983లో. యాభై మూడేళ్ళు! నేను స్క్రూ కోసం మూడు వారాలే ఆగలేకపోయాను.

తొమ్మిది దాటాక సముద్రం వైపు పిల్లలకోడి, అదే కృత్తిక, బాగా పైకొచ్చింది. దీనికి 26 రెట్లే సరిపోతాయి, అంతకంటే పెంచితే గుంపు చెదిరిపోతుంది. ఉత్త కంటికి ఆరో ఏడో, ఇందులో పదుల కొద్దీ. వయసు పది కోట్ల ఏళ్ళు, నక్షత్రాల్లో పడుచుతనం. వృషభం కొమ్ము దగ్గర క్రాబ్ నెబ్యులా మాత్రం నిరాశ పరిచింది, అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే మరకలా ఉంది. 1054లో చైనావాళ్ళు పట్టపగలు చూసి రాసిపెట్టుకున్న నక్షత్రం పేలుడు తాలూకు శకలం అది. మధ్యలో ఇరవై కిలోమీటర్ల వెడల్పున్న నక్షత్రం సెకనుకి ముప్పైసార్లు తిరుగుతోందని తెలిసి చూడాలి, తెలియకపోతే అసలు చూడక్కర్లేదు.

అర్ధరాత్రి దాటాక మృగశిర, ఆర్ద్ర. నాన్నకి కార్తెలన్నీ నోటికి వచ్చు, ఆర్ద్ర కార్తెలో వానని బట్టి ఆకుమడి, ఉభాలు లెక్కేసుకుంటారు, కానీ ఆర్ద్ర నక్షత్రం ఏదో ఎప్పుడూ చూడలేదట. చూడలేరు కూడా, ఆర్ద్ర కార్తె అంటేనే సూర్యుడు అటువైపు ఉండే రోజులు, పైగా మబ్బులు. డెబ్భై ఏళ్ళు పేరు పలికిన చుక్కని ఆ రాత్రి మొదటిసారి చూపించాను. ఎర్రగా, పండిపోయినట్టుంటుంది. నిజంగానే ముసలిది, ఉబ్బి ఉబ్బి, సూర్యుడి చోట పెడితే అంగారకుడి కక్ష్య దాటిపోతుంది. 2019 చివర్లో మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరి దాకా తగ్గుతూ పోతే పేలిపోతుందేమో అనుకున్నారు, తీరా అది తాను వదిలిన ధూళే తనకి అడ్డొచ్చిందని తేలింది. లక్ష ఏళ్ళలోపు ఎప్పుడైనా పేలొచ్చు. టెలిస్కోప్‌లో చుక్కగానే ఉంటుంది, రంగు మాత్రం ఇంకా చిక్కగా కనిపిస్తుంది.

దానికి కింద ఒరయన్ నెబ్యులా. డబ్బులన్నీ దీనికే ఇచ్చాననుకున్నా నాకు బాధ లేదు. రెక్కలు చాపిన పక్షిలా బూడిద రంగు మేఘం, దాని గుండెలో నాలుగు చిన్న చుక్కలు దగ్గర దగ్గరగా. ఆ నాలుగూ పుట్టి పదిలక్షల ఏళ్ళకి అటూ ఇటూ, అంత వేడివి కాబట్టి చుట్టూ ఉన్న వాయువుని వెలిగిస్తున్నాయి. హంసలో చూసిన ధూళి, వాయువు తన బరువుకి తానే కూలితే ఇలా నక్షత్రాలవుతాయి. దూరం 1,300 కాంతి సంవత్సరాలు. అక్క కూతురు "పిన్నీ, ఇది పురిటిల్లన్నమాట" అంది.

మన తీరంలో వాడేవాళ్ళకి రెండు మాటలు. ఉప్పుగాలి, మంచు ఈ అద్దాలకి శత్రువులు. కార్తీకం దాటితే రెండు గంటలకే ఐపీస్ మీద చెమ్మ పడుతుంది, నోటితో ఊదొద్దు, గుడ్డతో తుడవొద్దు, మూతపెట్టి గదిలోకి తెచ్చి ఆరనివ్వండి. ఐపీస్‌లు సిలికా జెల్ సంచులతో డబ్బాలో పెట్టండి, లేకపోతే వానాకాలంలో బూజు పడుతుంది. గురి చూసుకునే ఎర్రచుక్క ఫైండర్ ఆపడం మర్చిపోతే తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతుంది, నేను నాలుగు మార్చాను. బరువు ఆరేడు కిలోలే, బండి మీద వెనక కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకుని బారువ బీచ్ దాకా తెచ్చేయొచ్చు. ఏప్రిల్‌లో అర్ధరాత్రి తర్వాత అక్కడ జ్యేష్ఠ, మూల సముద్రం మీద కనిపిస్తాయి, వాటి వెనకే పాలపుంత నడుమ. సూర్యుడికి 40 లక్షల రెట్ల బరువున్న కృష్ణబిలం ఆ వైపే ఉంది, 26,000 కాంతి సంవత్సరాల అవతల. వైపు చూపించగలం, అంతే. కానీ ఆ నడుమని అంత ఎత్తున చూసే అదృష్టం యూరప్ వాళ్ళకి లేదు, మనకి ఉంది.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను, ఒకటి పెట్టె మీద బొమ్మలకి కోసేశాను. 22,000 ఇప్పుడు కుదరదు అనుకునేవాళ్ళు చిన్న బొమ్మ టెలిస్కోప్‌లు మాత్రం కొనకండి, ఊగే స్టాండుతో విసుగొచ్చి మూలన పడేస్తారు. ఆ డబ్బుకి 10x50 బైనాక్యులర్స్ తీసుకోండి. మార్గశిరంలో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి తూర్పు వైపు తిరిగితే పిల్లలకోడి నెత్తికి దగ్గరగా ఉంటుంది, మృగశిర సగం ఎత్తుకి వచ్చి ఉంటుంది. అందులో ఉన్న మూడు చుక్కల వరస కింద మసగ్గా కనిపించేదే పురిటిల్లు. ముందు వీధిలైటు అడ్డు లేని చోటు చూసుకోండి.