యజీదీ మహిళల కోసం జర్మనీలో పెట్టిన స్పెషల్ కోటా: 5కి మూడున్నర స్టార్లు

ఇరాక్‌లోని మైనారిటీ మతస్థులైన యజీదీల్లో ఐసిస్ చెర నుంచి తప్పించుకున్న ఆడవాళ్లను, పిల్లలను తెచ్చి చికిత్స చేయించడానికి జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2015లో మొదలుపెట్టిన కోటా గురించి రాస్తున్నాను. ప్రభుత్వ పథకానికి స్టార్లేంటి అంటారేమో, కానీ ఆడవాళ్ల ఆశ్రయం, మానసిక చికిత్స కోసం అని చెప్పి 95 మిలియన్ యూరోల దాకా కేటాయించారు కాబట్టి సర్వీస్ ఎలా ఉందో అడిగే హక్కు ఉంది.

2014 ఆగస్టు 3న ఐసిస్ ఇరాక్‌లోని సింజార్ మీద పడి, మగవాళ్లను చంపి, ఆరు వేల మందికి పైగా యజీదీలను ఎత్తుకెళ్లింది, ఆడవాళ్లను సంతలో సరుకులా అమ్మింది. తప్పించుకుని ఉత్తర ఇరాక్‌లోని దుహోక్ దగ్గరి క్యాంపులకు చేరినవాళ్లలోంచి సుమారు 1,100 మంది మహిళలను, పిల్లలను ఈ కోటాలో తెచ్చారు. సైకాలజిస్ట్ యాన్ ఇల్హాన్ కిజిల్హాన్ క్యాంపులకే వెళ్లి వాళ్లతో మాట్లాడారు. 2018లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న నాదియా మురాద్ వచ్చిందీ ఇలాగే. ఇంతవరకు వంక పెట్టలేం.

చికిత్స దగ్గరే చిక్కంతా. ట్రామా అంటే పీడకలలు, ఏడుపు అనుకుంటాం కదా, వీళ్లలో చాలామందికి అది ఒంట్లో బయటపడుతుంది: తలనొప్పి, కడుపునొప్పి, ఊపిరాడకపోవడం. కొందరైతే మాట్లాడుతూ మాట్లాడుతూనే కళ్లు మూసుకుని పడిపోతారు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, పక్కవాళ్లు మూర్ఛ అనుకుని అంబులెన్స్‌కి ఫోన్ చేస్తారు, తీరా పరీక్ష చేస్తే మెదడులో మూర్ఛ జాడ ఉండదు. అది డిసోసియేటివ్ సీజర్, ఆ కాసేపూ ఆమె మళ్లీ ఆ బందీఖానాలోనే ఉంటుంది. కెనడా వెళ్లిన యజీదీ మహిళల్లోనూ డాక్టర్లు ఇదే చూశారు. ఇక దుబాసీ సంగతి. ఇరాక్ వాళ్లే కదా అని అరబిక్ వచ్చినవాళ్లను కూర్చోబెడితే నోరు విప్పడం కష్టం, ఎత్తుకెళ్లినవాళ్లు మాట్లాడింది ఆ భాషే మరి. యజీదీల మాతృభాష అయిన కుర్మాంజీ (కుర్దిష్‌లో ఒక రకం) తెలిసిన ఆడమనిషి కావాలి, అలాంటివాళ్లు ప్రతి ఊళ్లో దొరకరు.

భద్రతకి అర స్టారు కోత. వాళ్లుండే ఇళ్ల అడ్రస్‌లు బయటపెట్టలేదు, మంచిదే. అయినా తనను కొన్న ఐసిస్ మనిషి జర్మనీలోనే రోడ్డు మీద ఎదురుపడ్డాడని ఒక అమ్మాయి 2018లో చెప్పింది, చివరికి ఇరాక్‌కే వెళ్లిపోయింది.

మిగతా స్టారు కుటుంబం విషయంలో పోయింది. కోటా ఆడవాళ్లకీ పిల్లలకీ మాత్రమే, ప్రాణాలతో ఉన్న భర్తలు క్యాంపుల్లోనే మిగిలారు, వాళ్లను రప్పించుకోవడం ఏళ్ల తరబడి తేలని పని అయింది. పైగా రెండున్నర వేల మందికి పైగా ఆచూకీ ఇంకా తెలియదు. సింజార్ ప్రాంతంలో ఐసిస్ ఊచకోత కోసిన కోచో ఊరి సామూహిక సమాధులు తవ్వడమే 2019లో మొదలైంది. అన్న ఉన్నాడో లేడో తెలియని మనిషిని వారానికో గంట కూర్చోబెట్టి నిద్ర పడుతోందా అని అడిగితే ఏం చెబుతుంది? 2023 జనవరిలో జర్మనీ పార్లమెంటు ఐసిస్ యజీదీల మీద చేసిన ఈ దారుణాన్ని జాతి నిర్మూలనగా గుర్తించింది, కోటా బయట సొంతంగా వచ్చిన యజీదీలను వెనక్కి పంపడం మాత్రం ఆ తర్వాతా జరిగింది.

ఇంకో దేశం ఎవరైనా ఇలాంటి కోటా పెడితే థెరపిస్టుల జీతాలతో పాటు భర్తకీ అన్నదమ్ములకీ వీసాలు కూడా మొదటి రోజు లెక్కలోనే రాసుకోండి.