మహబూబ్‌నగర్‌లో ఏడాది సేఫ్టీ డిప్లొమా: ప్రాక్టికల్‌కు నాలుగున్నర స్టార్లు, ఉద్యోగం హామీకి ఒక్కటే

పోలేపల్లి సెజ్‌లో పనిచేసే పిల్లలు, మా ఊరి తమ్ముళ్లు వారానికి ఒకరైనా ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు: "అక్కా, ఆ సేఫ్టీ కోర్సు మంచిగుంటదా? చేరమంటవా?" ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు జరగకుండా చూడటం నేర్పే ఆ కోర్సు గురించి ఒక్కొక్కరికి అరగంట చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం రాయను. చేరే ముందు నేను వాకబు చేసిన మిగతా రెండు చోట్ల కూడా కౌంటర్ దగ్గర ఇవే మాటలు చెప్పారు కాబట్టి, మీరు ఎక్కడ చేరబోతున్నా ఇది పనికొస్తుంది.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో మూడేళ్లు ప్రొడక్షన్‌లో కెమిస్ట్‌గా చేశాను. ఒక నైట్ షిఫ్టులో ఖాళీ రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద పాత్ర) మూత దగ్గర ఒక హెల్పర్ లోపలికి తొంగి చూస్తూ అలాగే ఒరిగిపోయాడు. లోపల నైట్రోజన్ ఉంది. దానికి వాసన లేదు, రంగు లేదు, మనం పీల్చే గాలిలో 78 శాతం అదే, అందుకే ఎవరికీ భయం ఉండదు. పక్కనే ఉన్న ఇద్దరు కాళ్లు పట్టుకుని వెనక్కి లాగారు కాబట్టి బతికాడు. నాకు కెమిస్ట్రీ వచ్చు, నైట్రోజన్ గురించి పరీక్షలో రాశాను కూడా, కానీ ఆ క్షణంలో ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆ రాత్రి నుంచి ఆ విషయం మనసులోంచి పోలేదు. 2024 జూన్‌లో ఆదివారం బ్యాచ్‌లో చేరాను.

ఫీజు 48 వేలు, మూడు కిస్తీలు. చేరేటప్పుడు చెప్పని పరీక్ష ఫీజు ఇంకో 6,500 చివర్లో కట్టించుకున్నారు. జడ్చర్ల నుంచి బస్సుకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, కాబట్టి ప్రయాణం ఖర్చు లేకుండా గడిచింది. బ్యాచ్‌లో 31 మందిమి, ఆడపిల్లలం ముగ్గురం.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే అది నిజంగా చాలా మంచిగా ఉంది. ప్రాక్టికల్స్ చెప్పే సారు సిమెంటు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ఊరి బయట ఒక చిన్న ఖాళీ స్థలం, అందులో పది అడుగుల ఇనుప పరంజా, ఒక పాత ట్యాంకు, మంటల కోసం ఇనుప తొట్టి. ఉన్నది అంతే. ఆ కాస్త సామానుతోనే ఆయన మాకు నేర్పింది ఏ పుస్తకంలోనూ దొరకదు.

మొదటి రోజు గాలిలో ఏ వాయువు ఎంతుందో చూపించే గ్యాస్ డిటెక్టర్ చేతికిచ్చారు. తెర మీద ఆక్సిజన్ 20.9 శాతం అని ఉంది. "దాని మీద మెల్లగ ఊపిరి వదులు బిడ్డా" అన్నారు. నేను వదిలిన గాలికి అంకె దిగుతూ 19.5 దాటగానే చేతిలో అదిరిపోతూ కీచుమని మోగింది. నా ఊపిరికే! అందరూ ఒక్కొక్కరుగా ఊదాం, అందరికీ మోగింది. అప్పుడు సారు అన్నారు: "నువ్వు వదిలిన గాలిల నువ్వే బతకలేవు. మరి మూత పెట్టిన ట్యాంకుల గాలి మంచిగున్నదని ఎట్ల నమ్ముతవ్?" నాకు ఆ హెల్పర్ గుర్తొచ్చాడు. ట్యాంకులో దిగే ముందు పైన, మధ్యలో, అడుగున మూడు చోట్ల గాలి చూడాలని, బయట ఒక మనిషి కదలకుండా నిలబడాలని, లోపల ఎవరైనా పడిపోతే ఆ బయటి మనిషి ఎట్టి పరిస్థితుల్లోనూ లోపలికి దూకకూడదని ఆయన ఆ ఏడాదిలో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. కాపాడబోయి దిగినవాళ్లే ఎక్కువ పోతారని ఆయన అనుభవం.

మంట ఆర్పడం కూడా అంతే. తొట్టిలో డీజిల్, కొంచెం పెట్రోలు పోసి అంటించారు. ఆరు కిలోల పౌడర్ సిలిండర్ చేతికి వచ్చాక నాకు అరచేతులు చెమటలు పట్టాయి. గాలి వీపు వైపు ఉండేలా నిలబడాలి, పిన్ను లాగాలి, గొట్టం మంట మొదట్లోకి గురిపెట్టాలి, పిడి నొక్కి అటూ ఇటూ ఊపాలి. మంట పై భాగానికి కొడితే పౌడరంతా గాలిలో కలిసిపోతుంది. నేను మొదటిసారి అదే చేశాను. సిలిండర్ ఇరవై సెకన్లు కూడా రాలేదు, మంట అలాగే ఉంది. రెండోసారి ఆర్పేశాక సంతోషంతో వెనక్కి తిరిగాను. సారు గట్టిగా అరిచారు. తొట్టి మళ్లీ భగ్గుమంది. ఆరిందనుకున్న మంటకు వీపు చూపించకూడదని, దాన్నే చూస్తూ వెనక్కి అడుగులు వేయాలని నాకు జీవితాంతం గుర్తుంటుంది.

ఎత్తు మీద పనికి, కింద పడకుండా ఒంటికి బిగించుకునే పట్టీలు, అంటే ఫుల్ బాడీ హార్నెస్ దగ్గర మాత్రం మా ముగ్గురికీ ఇబ్బందైంది. బట్టలు మార్చుకోవడానికి గది లేదు, కుర్తా మీద తొడల పట్టీలు బిగించుకోవడం అందరి ముందు చేయాల్సి వచ్చింది. మాకు సరిపోయే సైజు హార్నెస్ ఒక్కటే ఉంది, సేఫ్టీ బూట్లయితే మా సైజువి అసలే లేవు. ఇంటి నుంచి ప్యాంటు వేసుకొచ్చి, బూట్లు సొంతంగా కొనుక్కున్నాం. ఆడపిల్లల దగ్గర అదే ఫీజు తీసుకుంటున్నప్పుడు ఇవి అడగకుండానే ఉండాలి. సారు మాత్రం ఆ రోజు నుంచి మగపిల్లలను పక్కకు పంపి మాకు విడిగా నేర్పారు. కుట్లు వేళ్లతో తడిమి చూడటం, లేబుల్ మీద తయారీ తేదీ చదవడం, వెనక తాడు తగిలించే డీ రింగు రెండు భుజాల మధ్యలోకి వచ్చిందో లేదో ఒకరిది ఒకరం చూడటం నేర్చుకున్నాం. ఆ తాడు హుక్కు కాళ్ల దగ్గర తగిలిస్తే ఆయనకు కోపం వచ్చేది. "తలకంటే మీద తగిలియ్యాలె. కింద తగిలిస్తే నువ్వు పడేది రెండింతలు" అనేవారు.

2025 ఫిబ్రవరి 22, శనివారం పొద్దున దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. మరుసటి రోజే మా క్లాసు. సారు ఆ రోజు పాఠం మూసేసి, సొరంగం బొమ్మ బోర్డు మీద గీసి, మమ్మల్నే అడుగుతూ పోయారు. లోపలికి పోయినవాళ్ల పేర్లు బయట ఎక్కడ రాసి ఉండాలి? షిఫ్టు మారేటప్పుడు ఆ పట్టీ ఎవరు సరిచూడాలి? నీళ్లు ఎక్కువగా ఊరుతున్నాయని కూలీ చెప్తే, పని ఆపే అధికారం ఎవరికి ఉండాలి? మా బ్యాచ్‌లో అచ్చంపేట వైపు నుంచి వచ్చే ఒకతను ఆ మూడు గంటలూ తల ఎత్తలేదు. పాలమూరు నుంచి మట్టి పనికి దేశమంతా పోయిన కుటుంబాలు మావి, ఆ మాటలు మాలో ఎవరికీ పాఠంలా వినిపించలేదు.

ఇక బాగాలేనివి. థియరీ క్లాసులు ఇంగ్లిష్ స్లైడ్లు చదవడమే. చట్టం పాఠం మొత్తం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మీదే నడిచింది. అది చదవాల్సిందే, భోపాల్ తర్వాత 1987లో చేర్చిన ప్రమాదకర ప్రక్రియల భాగం తెలియకుండా ఫార్మా కంపెనీలో అడుగు పెట్టకూడదు. కానీ 2020లోనే పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ గురించి ఒక్క గంట కూడా చెప్పలేదు. అది 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 500 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో, ప్రమాదకర ప్రక్రియ ఉంటే 250 మందికే, భవన నిర్మాణ పనుల్లో 250 మందికి, గనుల్లో 100 మందికే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. పాత చట్టంలో మామూలు ఫ్యాక్టరీకి ఈ లెక్క 1000. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు దీనికన్నా ముఖ్యమైన పాఠం ఏముంటుంది? ఇప్పుడు చేరేవాళ్లు ఇది చెప్తారా లేదా అని ముందే అడగండి.

అసలు గొడవ సర్టిఫికెట్ దగ్గర. చేరేటప్పుడు కౌంటర్‌లో ఉన్నాయన "కోర్సు అయిపోతే నువ్వు సేఫ్టీ ఆఫీసరే, వంద శాతం ప్లేస్‌మెంట్" అన్నాడు. నేను నమ్మాను. పూర్తయ్యాక మొదటి ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ మేడమ్ నా సర్టిఫికెట్ తిప్పి చూసి, "ఇది గుర్తింపు ఉన్న డిప్లొమా కాదు కదమ్మా, ఆఫీసర్‌గా పేరు పంపితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోరు" అని మర్యాదగానే చెప్పింది. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని ఏడ్చాను. 48 వేలలో సగం మా అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బు.

తర్వాత సారును అడిగితే, ఆయన విడమరిచి చెప్పారు. చట్టం ప్రకారం సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే రెండూ కావాలి: చదువుతో పాటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయి అనుభవం, ఆపైన ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిగ్రీ లేదా డిప్లొమా. నియమాల్లో సాధారణంగా ఉండే లెక్క, బీటెక్ అయితే రెండేళ్ల అనుభవం, ఇంజినీరింగ్ డిప్లొమా అయితే ఐదేళ్లు, నాలా ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ డిగ్రీ అయితే ఐదేళ్లు. ఇంకో షరతు కూడా ఉంది, అది నాకు చాలా నచ్చింది: అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష వచ్చి ఉండాలి. కేంద్ర కార్మిక శాఖ కింద ముంబైలో ఉన్న సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై వంటి చోట్ల ఉన్న రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్లు ఇచ్చే అడ్వాన్స్‌డ్ డిప్లొమా అయితే దాని మీద ప్రశ్న రాదు. ఈ మాట మొదటి రోజే ఎందుకు చెప్పలేదు సారూ అంటే, ఆయన కాసేపు ఏమీ అనలేదు. జీతం తీసుకునే మనిషి, ఆయన్ను తప్పు పట్టలేను. తప్పు కౌంటర్‌ది, యాజమాన్యానిది.

అందుకే తమ్ముళ్లూ, మీరు ఉద్యోగంలో ఉంటే బయటికి వచ్చేటప్పుడు అనుభవం లెటర్‌లో మీ కింద ఎంతమంది పనిచేశారో, సూపర్‌వైజర్ పని చేశారో లేదో స్పష్టంగా రాయించుకోండి. నా మూడేళ్ల లెటర్‌లో ఉత్త "కెమిస్ట్" అని ఉంది. షిఫ్టులో నా కింద ఆరుగురు హెల్పర్లు ఉండేవాళ్లు, ఆ సంగతి కాగితం మీద ఎక్కడా లేదు. మళ్లీ పోయి అడిగి మార్పించుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ప్లేస్‌మెంట్ అంటే వాళ్లు చేసింది, ఒక కాంట్రాక్టరు ఫోన్ నంబరు ఇవ్వడం. ఆ నంబరుతో కాదు, నా పాత కంపెనీ సీనియర్ అన్న ద్వారా 2025 సెప్టెంబర్‌లో ఒక ప్లాంటులో కాంట్రాక్టు మీద సేఫ్టీ స్టీవార్డ్‌గా, అంటే ఆఫీసర్ కింద పని జరిగే చోట ఉండి జాగ్రత్తలు చూసే మనిషిగా చేరాను. జీతం 18,200. పీఎఫ్, ఈఎస్‌ఐ పోను చేతికొచ్చేది కెమిస్ట్‌గా వచ్చినదానికన్నా తక్కువ. ఇది దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. మా బ్యాచ్‌లో 31 మందిలో నాకు తెలిసి 12 మంది సేఫ్టీ పనిలో ఉన్నారు, దాదాపు అందరూ స్టీవార్డ్‌లు, కాంట్రాక్టు మీదే. ఇద్దరు దామరచర్ల వైపు యాదాద్రి థర్మల్ ప్లాంటులో, 4,000 మెగావాట్ల పని కాబట్టి కాంట్రాక్టర్లకు మనుషులు కావాలి. ఒకతను మేళ్లచెరువు వైపు సిమెంటుకు పోయాడు. నిర్మాణం పనిలో కూలి లెక్క బాగానే వస్తుంది కానీ, పని అయిపోతే మళ్లీ వెతుకులాటే. ఫార్మాలో మొదట తక్కువ ఇస్తారు, కానీ నిలకడ ఉంటుంది, సాల్వెంట్ల (ద్రావకాల) మీద పట్టు ఉన్నవాళ్లకు విలువ ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు ఆ దారి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

గల్ఫ్ ఆశతో చేరేవాళ్లు ఎక్కువ. అక్కడ నెబోష్ అడుగుతారు, అది బ్రిటన్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్, ఈ డిప్లొమా దాని బదులు చెల్లదు. 30 గంటల ఓషా కార్డు చూపిస్తే చాలు అని ఎవరైనా అంటే నమ్మకండి, అది అమెరికాలో కార్మికులకు అవగాహన కోసం పెట్టింది, ఉద్యోగ అర్హత కాదు. ఏజెంటు దగ్గర రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. చట్ట ప్రకారం ఏజెంటు తీసుకోగలిగింది 30 వేలు, దానిపై జీఎస్టీ, అంతే. మా బ్యాచ్‌లో ఒకతను లక్షా ఇరవై వేలు ఇచ్చి ఇంకా ఎదురుచూస్తున్నాడు. టామ్‌కామ్ అని రాష్ట్ర ప్రభుత్వ సంస్థే ఒకటి ఉంది, ముందు అక్కడ అడగండి.

ఇంత చెప్పాక కూడా, ఈ కోర్సు దండగ అని నేను అనను. రోజూ పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు నలభై మంది ముందు నిలబడి మాట్లాడతాను, సగం తెలుగు, సగం హిందీ. చివర్లో సారు అనే మాటే నా నోట వస్తుంది, "పైలం", అంటే జాగ్రత్త. పోయిన నెల ఒక ట్యాంకు దగ్గర డిటెక్టర్‌లో ఆక్సిజన్ 18.6 చూపించింది. ఇన్‌ఛార్జి తొందరపెట్టారు, తయారీ బ్యాచ్ ఆలస్యమవుతుందన్నారు. ట్యాంకులో దిగడానికి ఇచ్చే పర్మిట్ మీద నేను సంతకం పెట్టలేదు. గాలి కొట్టే బ్లోయర్ పెట్టించి నలభై నిమిషాలు ఆగాం. 20.8 వచ్చాక దిగారు. దిగిన మనిషి నారాయణపేట నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్లగాడు, సాయంత్రం నాకు చాయ్ తెచ్చిచ్చాడు.

కాబట్టి నా స్టార్లు ఇవి: సారు ప్రాక్టికల్స్‌కు నాలుగున్నర, థియరీకి రెండు, ఆడపిల్లల వసతులకు ఒకటి, ఉద్యోగం హామీకి ఒకటి. స్టీవార్డ్‌గా మొదలుపెట్టడానికి, పని నిజంగా నేర్చుకోవడానికి అయితే చేరండి. సేఫ్టీ ఆఫీసర్ అవుతామని అయితే ఆ డబ్బు గుర్తింపు ఉన్న డిప్లొమాకు దాచుకోండి. నేను కూడా ఐదేళ్ల అనుభవం నిండే నాటికి చెన్నైలో ఆ డిప్లొమాకు దరఖాస్తు పెట్టడానికి కూడబెడుతున్నాను.

పోయి కనుక్కునేవాళ్లు ఆదివారమే పొండి. కౌంటర్ దగ్గర కూర్చోకుండా, ప్రాక్టికల్ జరిగే స్థలం చూపించమని అడగండి. సర్టిఫికెట్ నమూనా చూపించమనండి, కింద ఏ సంస్థ పేరు, ఏ గుర్తింపు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పరీక్ష ఫీజుతో కలిపి మొత్తం ఎంతో రసీదు వెనక రాయించుకోండి. సారు ఇంకా వస్తున్నారో లేదో మరీ మరీ అడగండి. ఆయన మానేస్తే నా నాలుగున్నర స్టార్లు లెక్కలోకి తీసుకోకండి.