పడసాలకు తోలుబొమ్మా, కలంకారీయా?

మా బావ అనంతపురంలో పెద్ద మిద్దె కట్టినాడు. గడప దాటగానే పదహారడుగుల పడసాల, ఎదురుగా బోసి గోడ. దానికేం పెట్టాలని రెండు నెలలుగా ఇంట్లో పంచాయితీ.

లేపాక్షి గుడిలోని రంగుబొమ్మల్లాంటివి గోడమీదే గీయిద్దామన్నాడు మేస్త్రీ. 16వ శతాబ్దం నాటి ఆ బొమ్మలు రాతికప్పు కింద, ఎండ తగలనిచోట ఉన్నాయి గనక ఈమాత్రం మిగిలాయి. అయినా చాలాచోట్ల వెలిశాయి. కొత్త సిమెంటు గోడ ఉప్పు కక్కితే రంగు పెచ్చులూడుతుంది. అది వదిలేశాం.

అక్క మనసు శ్రీకాళహస్తి కలంకారీ మీద. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగు, వెదురు కలం. ఆ నలుపుకి సాటి లేదు, నాదీ అదే మాట. కానీ బావ వాకిలి తూర్పుకి. పొద్దున ఎండ నేరుగా గోడమీదే పడుతుంది, సహజరంగులు పాలిపోతాయి. అద్దం బిగిస్తే బొమ్మకు బదులు వాకిలి కనిపిస్తుంది. కొనేవాళ్లు గుడ్డ తిప్పి చూడండి: చేత్తో వేసినదైతే రంగు వెనక్కి దిగుతుంది, అచ్చు వేసినది చాలావరకు పైనే ఉంటుంది.

బావ మాత్రం ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలు పలకలే కావాలన్నాడు. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారిది ఆ ఊరే. "గడప ఎదురుగా తోలేంది?" అని అమ్మ ముఖం చిట్లించింది. "గుళ్లో మద్దెలకున్నది ఏం తోలత్తా?" అన్నాడు బావ. అమ్మ మళ్లీ నోరెత్తలేదు.

ఒక ఇంట్లో ఆ పలకల్ని గోడకు ఆనించి మేకులు కొట్టగా చూశాను. ఎండిన అట్టలా ఉన్నాయి. తప్పు బొమ్మది కాదు. మేకతోలును వెలుతురు దూరేదాకా గీకి, ఉలితో చిల్లులు పొడిచి రంగులేసేదే తెర వెనక దీపానికి. వెనక నాలుగంగుళాల ఖాళీ, వేడెక్కని ఎల్‌ఈడీ పట్టీ ఉంటే రాముడి నగలన్నీ చుక్కలు చుక్కలుగా మెరుస్తాయి. వానాకాలం చెమ్మకు తోలు కాస్త వదులవుతుంది, కాబట్టి చట్రంలో బిగదీయకూడదు. తడిగుడ్డ ఆనించకూడదు. నేరుటెండ దీనికీ పడదు, వంకర తిరుగుతుంది.

అందుకే ఎదురుగోడ వద్దన్నాను. వాకిలి పక్కగోడకు ఎండ తగలదు, సాయంత్రానికి చీకటి. అక్కడ తోలు పలకలు. కలంకారీ లోపల పూజగది పక్కన. ఎదురుగోడకు సున్నం వేసి వదిలేయమంటే బావకి నచ్చలేదు, ఇంకా ఏదో వెతుకుతున్నాడు.