డాబా మీద పాత డబ్బాలు: ఏవి నిలిచాయి, ఏవి తీసేశాను

విజయవాడలో మా డాబా మీద కూరగాయలు పెంచడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మా తొట్లలో డబ్బు పెట్టి కొన్న కుండీలు తక్కువ. నీలం డ్రమ్ములు, పెయింటు బకెట్లు, థర్మాకోల్ పెట్టెలు, నూనె డబ్బాలు, బియ్యం సంచులు, మంచినీళ్ల క్యాన్లు, టైర్లు... జనం పారేసేవాటిలో మట్టి పట్టేవన్నీ దాదాపుగా వాడి చూశాను. రంగు వేసి, మొక్క పెట్టి, ఫొటో తీసిన రోజు ఏ డబ్బా అయినా అందంగానే ఉంటుంది. రెండు వేసవులు, రెండు వానాకాలాలు దాటాక దాని సంగతేంటో చెప్పేవాళ్లే కనిపించరు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అసలు కావలసింది అదే కాబట్టి, నా దగ్గర ఏవి ఎలా నిలిచాయో రాస్తున్నాను.

నా ఓటు మొదట నీలం డ్రమ్ముకే. 200 లీటర్ల డ్రమ్మును అడ్డంగా కోయిస్తే అడుగున్నర లోతున్న రెండు తొట్లు వస్తాయి. కోసిన కూలితో కలిపి నాకు వెయ్యి రూపాయల లోపే పడింది. దీని ప్లాస్టిక్ హెచ్‌డీపీఈ అనే గట్టి రకం, డ్రమ్ము మీద రీసైక్లింగ్ గుర్తు త్రికోణంలో 2 అంకె ఉంటుంది. మా తొట్ల రంగు వెలిసింది తప్ప ఇప్పటికీ ఎక్కడా బీటలివ్వలేదు. సొర, బీర, దొండ లాంటి తీగలకీ, కరివేపాకుకీ, నిమ్మకీ ఇంతకు మించిన తొట్టి నేను చూడలేదు. దొండ తీగ ముక్క ఒకటి నాటితే చాలు, ఏళ్ల తరబడి కాస్తూనే ఉంది.

అయితే కొనేటప్పుడు ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. ఆ డ్రమ్ములో అంతకుముందు ఏం పోశారో తెలియాలి. ఆటోనగర్ లాంటి చోట తుక్కు దుకాణాల్లో డ్రమ్ములు వరసగా పేర్చి ఉంటాయి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటిలో యాసిడ్‌వి, రంగులవి, ఇంజన్ ఆయిల్‌వి కూడా ఉండొచ్చు. "కడిగేశామండీ, ఏం కాదు" అంటారు. కడిగితే పైన అంటుకున్నది పోతుందేమో కానీ ప్లాస్టిక్‌లోకి ఇంకింది పోదు. గ్లూకోజ్ సిరప్, పళ్ల రసం, ఉప్పునీటిలో ఊరబెట్టిన కాయలు వచ్చిన డ్రమ్ములు, అదీ పాత లేబుల్ ఇంకా అంటుకుని ఉంటేనే తీసుకుంటాను. లేబుల్ లేని డ్రమ్ము ఎంత చవగ్గా ఇచ్చినా వద్దంటాను. పురుగుమందుల డబ్బాల గురించి వేరే చెప్పక్కర్లేదు, చిన్న డబ్బా అయినా ఇంటికి తేకూడదు.

డ్రమ్ము విషయంలో రెండో సంగతి బరువు. డాబా తోటల గురించి మాట్లాడేవాళ్లు దీన్ని తేలిగ్గా దాటేస్తున్నారని నా బాధ. సగం డ్రమ్ములో ఎర్రమట్టి నింపి నీళ్లు పోస్తే 150 కిలోలు దాటుతుంది. మనుషులు ఎక్కి తిరిగే డాబాకి, భవనాల మీద పడే భారాల గురించి చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కగట్టే అదనపు భారం చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోలు. సగం డ్రమ్ము నిలబడే చోటు చదరపు మీటరులో మూడో వంతు కూడా ఉండదు. అలాంటివి నాలుగు తెచ్చి స్లాబు నడిమధ్యలో పెడితే ఏమవుతుందో ఆలోచించండి. మా తొట్లన్నీ కింద దూలాలూ గోడలూ ఉన్న వరసలోనే, పిట్టగోడకి దగ్గరగా ఉంటాయి. పాత ఇల్లయితే ముందు మేస్త్రీని కాకుండా ఇంజనీరునే అడగండి.

తొట్టి బరువే తగ్గించాలంటే దారి మట్టి మిశ్రమం. మూడో వంతు ఎర్రమట్టి, మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు, మూడో వంతు కొబ్బరి పొట్టు కలిపి, పైన గుప్పెడు వేపపిండి వేస్తాను. 5 కిలోల కొబ్బరి పొట్టు ఇటుక నానితే 70 లీటర్ల దాకా పొంగుతుంది. దాన్ని నానబెట్టిన నీళ్లు పారబోసి మళ్లీ కడగాలి, లేకపోతే అందులో ఉన్న ఉప్పు లేత వేళ్లను దెబ్బ తీస్తుంది. డబ్బాలు ఉచితంగా వచ్చినా తోటకి అసలు ఖర్చు ఈ మిశ్రమం దగ్గరే. ఎన్ని డబ్బాలు దొరికాయన్నది కాదు, ఎన్నింటికి మంచి మట్టి ఇవ్వగలమో చూసుకుని మొదలుపెట్టడం మేలు.

పెయింటు బకెట్టు నా రెండో ఎంపిక. 20 లీటర్ల తెల్ల బకెట్టు వంగ, మిర్చి, టమాటా, బెండకి చక్కగా సరిపోతుంది. బకెట్టుకి ఒక్క మొక్క చాలు. తెల్ల రంగు కాబట్టి వేడి తక్కువ. నీళ్లతో కలిపే ఎమల్షన్ బకెట్లే తీసుకోండి, ఆయిల్ పెయింటు డబ్బాలు వద్దు. లోపల మిగిలిన రంగును నీళ్లతో కడిగి కాలువలోకి వదలకుండా, ఎండలో పెడితే పొరలా ఎండి ఊడొస్తుంది. మూడు నాలుగేళ్లకి అంచు పెళుసెక్కి ముక్కలుగా విరగడం మొదలవుతుంది. అంతకంటే ముందే హ్యాండిల్ తగిలించే చెవులు పోతాయి. అందుకే మట్టి నిండిన పాత బకెట్టును హ్యాండిల్ పట్టుకుని ఎత్తకూడదు, అడుగున చేతులు పెట్టి జరపాలి.

చిల్లులు ఎక్కడ పెట్టాలన్నది చాలామంది అడుగుతారు. అడుగున నాలుగైదు, అవి కాక పక్కన అడుగు నుంచి అంగుళం ఎత్తులో రెండు మూడు. ఈ పక్క చిల్లుల విలువ 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలకి బాగా తెలిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగిపోయిన రోజులవి. మా వీధి కాస్త ఎత్తు మీద ఉంది కాబట్టి ఇంట్లోకి నీళ్లు రాలేదు. డాబా మీద మాత్రం తేడా స్పష్టంగా కనిపించింది. పక్క చిల్లులున్న బకెట్లలో నీళ్లు ఎప్పటికప్పుడు కారిపోయి వంగ మొక్కలు నిలిచాయి. అడుగు చిల్లులు మాత్రమే ఉండి నేలకి ఆనుకున్న బకెట్లలో వేళ్లు కుళ్లి మిర్చి మొక్కలు వాలిపోయాయి. ఇప్పుడు ప్రతి డబ్బా కింద ఇటుకలుంటాయి. నీరు దిగుతుంది, స్లాబు ఆరుతుంది, కింద గదిలో చెమ్మ మచ్చలు రావు. కాల్చిన మేకుతో చిల్లులు పెడితే ఆ పొగ మంచిది కాదు, చిన్న డ్రిల్ వాడండి.

థర్మాకోల్ పెట్టె గురించి నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. ఆకుకూరలకి దాన్ని మించింది లేదు. చేపల దుకాణాల్లో, పళ్ల దుకాణాల్లో అడిగితే ఇచ్చేస్తారు. బరువుండదు. మే నెల మధ్యాహ్నం నల్ల గ్రో బ్యాగు (మొక్కలు పెంచే సంచి) మట్టిలో వేలు పెట్టలేం, పక్కనే థర్మాకోల్ పెట్టెలో మట్టి మామూలుగా ఉంటుంది. మండు వేసవిలో కూడా తోటకూర, పాలకూర, గోంగూర అందులో నిలబడ్డాయి, నీళ్లు కూడా తక్కువ పట్టాయి. అరడుగు లోతు మట్టి చాలు. తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది.

కానీ ఎండకి దాని పైపొర పొడిలా రాలుతుంది. చీమలు గూళ్లు పెడతాయి, ఎలుకలు కొరుకుతాయి. ఆ తెల్ల గింజలు గాలికి ఎగిరి తూముల్లో, వీధిలో పడతాయి. అవి మట్టిలో ఎన్నేళ్లకీ కలవవు. దీనికి నాకు దొరికిన ఉపాయం పాత నూలు చీర. చీర ముక్కల్ని చిక్కటి సిమెంటు పాలలో ముంచి పెట్టె చుట్టూ, అంచుల మీదుగా రెండు వరసలు అంటించి, వారం రోజులు తడుపుతూ ఉంటే గట్టి తొడుగులా తయారవుతుంది. చీర మడతలు అలాగే గట్టిపడి చూడటానికి కూడా బాగుంటాయి. సిమెంటు సున్నపు గుణం తగ్గేదాకా లోపల నీళ్లు నింపి రెండు మూడుసార్లు మార్చి, తర్వాతే మట్టి నింపాలి. ఈ పని నాకు ఎంతగా నచ్చిందంటే, ఇప్పుడు మొక్కలకి అవసరం లేకపోయినా పాత తువ్వాళ్లతో చిన్న చిన్న కుండీలు చేసి చుట్టాలకి ఇస్తున్నాను. చేతులకి గ్లౌజులు మాత్రం తప్పనిసరి.

మిగతావాటిని ఎక్కువగా చెప్పక్కర్లేదు. బియ్యం సంచులు ఒక్క వేసవికే చీలికలై ఆ ప్లాస్టిక్ పోగులు మట్టిలో కలిశాయి, వాటిని ఏరడం నరకం. నూనె డబ్బాలు ఎండలో మండిపోయాయి, రెండో వానాకాలానికి అడుగు తుప్పు పట్టి ఊడింది. నీళ్ల క్యాన్ల గుండా వెలుతురు లోపలికి వెళ్లి మట్టి చుట్టూ నాచు పట్టింది, బయట రంగు వేస్తే కొంత నయం. టైర్లలో తినేవి పెంచను, ఒకటి ఉంది, అందులో బంతి వేశాను. ఫ్లెక్సీల గుడ్డతో సంచులు కుట్టడం ఈమధ్య ఎక్కువగా కనిపిస్తోంది. అది పీవీసీ అనే ప్లాస్టిక్ కాబట్టి కూరగాయల మట్టికి నేను వాడను, కంపోస్టు డబ్బా మీద కప్పడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఈ తోట వల్ల ఇంట్లో ఇంకొన్ని చేతిపనులు అలవాటయ్యాయి. వేసవికి ముందు బకెట్లకీ డ్రమ్ములకీ సున్నం కొడతాం. వేడి తగ్గడానికి మొదలుపెట్టిన పని అది. మా అమ్మాయి దాని మీద ఎర్రమన్నుతో చుక్కల ముగ్గులు వేయడం మొదలుపెట్టింది, ఇప్పుడు సంక్రాంతి ముందు రోజుల్లో డాబా మీదే మా సెలవులు గడుస్తాయి. చిరిగిన నూలు చీరల్ని పేని తాళ్లు చేసి బీర పందిరికి కడతాం. నైలాన్ తాడు తీగను కోసేస్తుంది, చీర తాడు కోయదు. ఒక్క పంటకే నిలుస్తుంది, తర్వాత కంపోస్టులో వేసేయొచ్చు. కొబ్బరి చిప్పలకి చిల్లు పెట్టి నారు పోస్తాం.

కాపు గురించి కూడా నిజం చెప్పాలి. ఆకుకూరలు మేం బజార్లో కొనడం దాదాపు మానేశాం. వంకాయలు, దొండకాయలు, పచ్చిమిర్చి వారంలో కొన్ని రోజులకి వస్తాయి. టమాటా మాత్రం అక్టోబర్, నవంబర్‌లో నాటితేనే. ఎండలు ముదిరాక మా ఊళ్లో పూత పూతగానే రాలిపోతుంది. పిండినల్లి వస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొడతాను. మట్టి ఆరిపోకుండా చెరకు రసం బండి దగ్గర పిప్పి తెచ్చి, బాగా ఎండబెట్టి మొదళ్ల చుట్టూ పరుస్తాను. పచ్చిది వేస్తే చీమలు పడతాయి. కుండీల కింద పళ్లేలు అసలు పెట్టను. డెంగీ దోమకి ఆ కాస్త నిలవ నీరు చాలు, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులే పడుతుంది. శుక్రవారం శుక్రవారం డాబా అంతా తిరిగి నీళ్లు నిలిచిన డబ్బాలన్నీ వంచేస్తాం.

విరిగిన పెయింటు బకెట్లు, డ్రమ్ము ముక్కలు పాత సామాన్లు కొనే అతను తీసుకెళ్తాడు. థర్మాకోల్ మాత్రం ముట్టుకోడు. అందుకే కొత్త పెట్టెలు తేవడం ఆపేశాను. సిమెంటు తొడుగు వేసినవాటిలో గోంగూర, పాలకూర కొనసాగుతున్నాయి, తొడుగు లేని పెట్టెలు పాడైనప్పుడల్లా వాటి స్థానంలో నిలువుగా కోయించిన డ్రమ్ములు పెడుతున్నాను.